రెండు కాలనీల నడుమ ఆరెకరాలు

నెల్లూరు మునిసిపాలిటీలో మిడ్‌వైఫుగా చేరిన పన్నెండేళ్ళలో రెబెక్కమ్మ ఒక్క కాన్పుకు కూడా ఆలస్యంగా పోలేదు. అందులో తన గొప్పేమీ లేదనీ, అంతా పాతవూరి సందుల గొప్పేననీ ఆమే చెప్పేది. సంతపేటలో గానీ మూలాపేటలో గానీ ఏ సందులో దూరినా ఇంకో సందులో తేలవచ్చు. ఒకరి పెరటి గుమ్మం ఇంకొకరి వీధిలోకి తెరుచుకుంటుంది. బావి పక్కనుంచో, కట్టెల అడితి వెనకనుంచో, రెండు గోడల మధ్యనుంచో మనిషి పట్టేంత దారి ఎక్కడో ఒకచోట ఉంటుంది. కబురు తెచ్చిన మనిషి మాట పూర్తిచేసేలోపల ఆమె ఏ దారిన పోవాలో అనుకునేది. సంచీ భుజాన వేసుకుని బయలుదేరితే పది నిమిషాల్లో నొప్పులు పడుతున్న మనిషి పక్కన ఉండేది.

1959లో ఆమెను కొత్త వార్డుకు మార్చారు. అప్పటికి ఊరు దక్షిణంగా, మద్రాసుకు పోయే ట్రంకు రోడ్డు వెంబడి పెరుగుతూ పోతోంది. రెండేళ్ళ కిందటి దాకా మొలగొలుకుల వరి పండిన కయ్యల్లో రాళ్ళు పాతి, సున్నం పూసి, అంకణాల లెక్కన ఇళ్ళ స్థలాలు అమ్మారు. రోడ్డుకు తూర్పున అలా రెండు కాలనీలు లేచాయి. ఉత్తరాన ఉన్నది ఒక బియ్యం మిల్లు యజమాని వేసింది. దాన్ని మిల్లు కాలనీ అనేవారు. దక్షిణాన ఉన్నదాన్ని బడిపంతుళ్ళు సంఘం పెట్టుకుని కొన్నారు. అది అయ్యవార్ల కాలనీ. ఒక్కో కాలనీలో ట్రంకు రోడ్డు నుంచి కాలవ దాకా ఒక నడివీధి, దానికి అటూ ఇటూ అంకెలు వేసిన అడ్డవీధులు. దారం పట్టి గీసినట్టు ఎంతో తిన్నగా ఉండేవి. విశాలమైన వీధులు, మురుగు లేదు, గాలీ వెలుతురూ పుష్కలం. మొదటిరోజు చూసి రెబెక్కమ్మ ఎంతో సంతోషించింది.

రెండోరోజుకే తెలిసివచ్చింది, ఆ వీధులు ఎక్కడికీ పోవని. మిల్లు కాలనీ అడ్డవీధులన్నీ దక్షిణానికి నడిచి నడిచి ఒక తుమ్మకంప కంచె దగ్గర ఆగిపోయేవి. అయ్యవార్ల కాలనీ అడ్డవీధులు ఉత్తరానికి వచ్చి అదే పొలం అవతలి కంచె దగ్గర ఆగిపోయేవి. రెండు కంచెల నడుమ యాభై గజాల వెడల్పున వరికయ్యలు, ట్రంకు రోడ్డు నుంచి కాలవ దాకా పొడుగ్గా పరుచుకుని ఉండేవి. ఇక్కడ కేకేస్తే అక్కడ వినపడుతుంది. నడవాలంటే మాత్రం వెనక్కి ట్రంకు రోడ్డెక్కి, మళ్ళీ రెండో కాలనీ నడివీధిలోకి తిరిగి, ముక్కాలు మైలు పోవాలి.

ఆ నడకే ఆమె పన్నెండేళ్ళ పేరు పోగొట్టింది. ఒకరోజు మిల్లు కాలనీలో ఒక పసిబిడ్డకు నీళ్ళు పోస్తుండగా అయ్యవార్ల కాలనీ ఆరో వీధిలో నొప్పులని కబురొచ్చింది. ఎండలో వగరుస్తూ చుట్టూ తిరిగి వెళ్ళేసరికి బిడ్డ పుట్టేసింది. బొడ్డు కోసింది పక్కింటి ముసలమ్మ, గడ్డి కోసే కొడవలితో. తల్లీ బిడ్డా బాగానే ఉన్నారు గానీ రెబెక్కమ్మ అంతటితో వదల్లేదు. ఆ కొడవలి తుప్పు వల్ల బిడ్డకు ధనుర్వాతం కమ్ముతుందేమోనని తొమ్మిది రోజులూ రోజుకు రెండుసార్లు పోయి చూసివచ్చింది. పోతూ వస్తూ కంచె దగ్గర ఒక నిమిషం నిలబడి, అవతల కనబడుతున్న ఆ ఇంటి కప్పును చూసి, మళ్ళీ చుట్టుదారి పట్టేది.

నాలుగోరోజున కయ్యలో కలుపు తీయిస్తున్న ఒక నడివయసు ఆమె గట్టు మీదికి వచ్చి పలకరించింది. ఆమె పేరు రాఘవమ్మ. ఆ పొలం ఆమెదే.

"ఏందమ్మా నర్సమ్మా, నాలుగు రోజులుగా చూస్తా ఉండా. ఈడ నిలబడి అవతలకి చూసి మళ్ళీ ఎనక్కి పోతా ఉండావు. ఏమన్నా పోగొట్టుకున్నావా?" అంది.

రెబెక్కమ్మ జరిగిందంతా చెప్పింది. కొడవలి సంగతి విని రాఘవమ్మ మొహం వాడిపోయింది. తన మొదటి బిడ్డ అట్లాగే పదోరోజున పోయిందని చెప్పింది. కాసేపు కయ్యల నడిమి గట్టు వైపు చూసి, "నీ ఒక్కదానికే అయితే గెనెం మీద పో. ఇంకొకరిని ఎంటబెట్టుకోని రాబాకు. ఎవురికీ చెప్పబాకు" అంది. ఆ సాయంత్రమే రెండు వైపులా కంచెలో మనిషి పట్టేంత సందు చేసి, ముళ్ళు గీసుకోకుండా అంచులు తాటాకుతో కప్పించింది.

ఆ తొమ్మిది రోజులు గడిచి బిడ్డ గండం దాటింది. రెబెక్కమ్మ మాట తప్పలేదు. పొలం మీదుగా దారి ఉందని ఎవరికీ చెప్పలేదు. పోతూ వస్తూ రాఘవమ్మతో నాలుగు మాటలు మాట్లాడటం మాత్రం అలవాటైంది. పాతవూళ్ళో కొన్ని ఇళ్ళల్లో బిడ్డను బయటికి తీసేదాకా రెబెక్కమ్మ చేతులు కావాలి, ఆ తరవాత ఆమెను పెరటి వైపు నుంచే పంపించేవాళ్ళు. రాఘవమ్మ అలాంటివేమీ పెట్టుకోలేదు. పంపు షెడ్డు నీడన కూర్చోబెట్టి, తాను తాగే చెంబుతోనే మజ్జిగ ఇచ్చేది.

ఆ నీడలోనే రెబెక్కమ్మకు ఆ పొలం కథ తెలిసింది. రాఘవమ్మ మామగారికి అక్కడ పద్దెనిమిది ఎకరాలు ఒకే చెక్కగా ఉండేది. ఆయన పోయాక ముగ్గురు కొడుకులు పంచుకున్నారు. ముగ్గురికీ బండి తోలుకోవడానికి రోడ్డు కావాలి, ముగ్గురికీ కాలవ నీళ్ళు కావాలి. అందుకని పొలాన్ని పొడుగునా మూడు పట్టీలుగా చీల్చి చీట్లు వేసుకున్నారు. ఉత్తరపు పట్టీ పెద్దాయనకు వచ్చింది. దక్షిణపు పట్టీ రెండో ఆయన రంగనాయకులుకు వచ్చింది. నడిమిది రాఘవమ్మ భర్తకు పడింది. పెద్దాయన తన పాలు మిల్లు యజమానికి అమ్మి గూడూరు పక్క నిమ్మతోట కొనుక్కున్నాడు. మిల్లు యజమాని దాని ఉత్తరాన ఉన్న పొలాలు కూడా కలుపుకుని కాలనీ వేశాడు. రంగనాయకులు పాలు, దాని పక్క భూములు అయ్యవార్లు కొన్నారు. ఆయన ఐదో అడ్డవీధి కొసన నాలుగు స్థలాలు మాత్రం ఉంచుకుని మిద్దె ఇల్లు కట్టుకున్నాడు.

అప్పటికే భర్త పోయిన రాఘవమ్మను కూడా అమ్మేయమని రంగనాయకులు గట్టిగా పట్టుబట్టాడు. ఒంటరి ఆడది సేద్యం చేయలేదన్నాడు. ఆమె చేసి చూపిస్తానంది. మాటా మాటా పెరిగింది. ఆయన తన ఇంటి వెనక, ఆమె పొలం వైపు ఛాతీ ఎత్తు గోడ పెట్టించి, గుమ్మం కూడా ఉంచలేదు. రెండేళ్ళయింది మాట్లాడుకుని. తోడికోడలు మాలకొండమ్మ మిద్దె మీద వడియాలు ఎండబెడుతూ కనిపిస్తే రాఘవమ్మ తల వంచుకుని పని చూసుకునేది. ఒక్కగానొక్క కూతురు బిట్రగుంటలో, రైల్వేలో పనిచేసే భర్త దగ్గర ఉంది. ఇంట్లో మాట్లాడే మనిషి లేక కాబోలు రెబెక్కమ్మ అలికిడి కోసం ఆమె చూస్తుండేది.

మరుసటి ఏడు కార్తీకపు వానలకు నడివీధులు రెండూ మోకాటి లోతు బురదయ్యాయి. పొలం గట్టు మీద నర్సమ్మ నడవడం ఎవరో చూశారు. మొదట ఒక పంతులుగారి భార్య పిండిమరకు పోతూ ఆ సందులోంచి దూరింది. తరవాత పాలమనిషి. ఆ తరవాత మిల్లు కాలనీ పిల్లలు. బడి అయ్యవార్ల కాలనీలో ఉంది మరి. రోజూ నలభైమంది పిల్లలు పలకలు తలమీద పెట్టుకుని ఆ గట్టు మీద పరుగులు తీశారు. వారం తిరిగేసరికి గట్టు తెగింది. పైకయ్య నీళ్ళన్నీ కిందికయ్యలోకి దూకి, అప్పుడే నాటిన నారు తేలిపోయింది.

రాఘవమ్మ రెండు సందులూ తుమ్మకంపతో మూసేసింది. రెబెక్కమ్మ వచ్చినప్పుడు ఎదురెళ్ళి, తానే చెప్పింది. నువ్వు చెప్పలేదని నాకు తెలుసు, కానీ నువ్వు నడిస్తే వాళ్ళూ నడుస్తారు, రేపు ఇది తాతల కాలం నుంచీ దారేనని కాయితం పుట్టిస్తారు అంది. రెబెక్కమ్మ మళ్ళీ చుట్టుదారే పట్టింది.

ఆమె నెలనెలా ఆఫీసుకు పంపే రిపోర్టులో చివర ఇతర విషయాలని ఒక గడి ఉండేది. ఏళ్ళ తరబడి ఆ గడిలో ఏమీ లేవని రాస్తూ వచ్చింది. ఆ నెల బురదలో రెండుసార్లు జారిపడి, ఇంటికొచ్చి మోకాలికి పసుపు పట్టీ వేసుకుని, కోపంగా నాలుగు వాక్యాలు రాసింది. రెండు కాలనీల మధ్య దారి లేదు, కేకదూరంలో ఉన్న గర్భిణి దగ్గరికి ముక్కాలు మైలు తిరిగి పోవలసివస్తోంది, ఎప్పుడో ఒక ప్రాణం పోతుంది, దారి వేయించగలరు. రాసి పంపించి మరిచిపోయింది.

ఆఫీసు మరిచిపోలేదు. అయ్యవార్లు పెట్టుకున్న అర్జీలతో ఆ కాగితం కలిసి, ఒక్కో బల్ల దాటి, ఆరు నెలలకు సర్వేయరు దగ్గరికి చేరింది. సర్వేయరు కొత్తగా వచ్చినవాడు. చైనుమనిషి హజరత్తయ్యను వెంటబెట్టుకుని వచ్చి పొలం చుట్టూ గొలుసు లాగించి కొలిచాడు. కొద్దిరోజులకు రాఘవమ్మకు నోటీసు వచ్చింది.

ఆమెకు చదువు రాదు. నోటీసు చదివించుకోవడానికి ఎవరి దగ్గరికి పోవాలో ఆలోచించి, మధ్యాహ్నపు ఎండలో నడుచుకుంటూ సంతపేటలో రెబెక్కమ్మ అద్దెకున్న ఇంటికి వచ్చింది. రెబెక్కమ్మ మంచం వాల్చి, మంచినీళ్ళిచ్చి, కాగితం విప్పి చదివింది. రాఘవమ్మ పొలాన్ని అడ్డంగా కోస్తూ నాలుగు రోడ్లు వేస్తారట. ఒక్కోటి ముప్పై అడుగుల వెడల్పు. అభ్యంతరాలుంటే నెలలోపల చెప్పుకోవాలి.

"నాలుగు కోస్తే ఐదు ముక్కలవుతాయి. మొదటి ముక్కకు కాలవ నీళ్ళు ఎట్ట వస్తాయి?" అని అడిగింది రాఘవమ్మ.

రెబెక్కమ్మ కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకుంది. చెప్పకుండా ఉంటే ఎవరికీ తెలియదు. అయినా చెప్పింది.

"దీనికి మొదటి కాయితం రాసింది నేనేనమ్మా. నీ మీద కోపంతో కాదు. నడవలేక రాసినా."

రాఘవమ్మ మంచినీళ్ళ చెంబు పక్కన పెట్టి లేచింది. "రాయొద్దని నేనననుగదా. నాకొక మాట చెప్పి రాసుంటే బాగుండు" అని మాత్రం అని, నోటీసు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ మాటలో న్యాయముందని రెబెక్కమ్మకు తెలుసు. దారి కావాలని ఆఫీసుకు రాసింది గానీ దారి ఎవరి పొలంలోంచి పోతుందో ఆ మనిషిని అడగాలని తోచలేదు. చెంబుతో మజ్జిగ ఇచ్చిన మనిషి.

ఆ తరవాత పదకొండోరోజు ఉదయం తొమ్మిదింటికి రెబెక్కమ్మ మిల్లు కాలనీ ఐదో వీధిలో ఒక బాలింతను చూస్తోంది. పొలం అవతల నుంచి కేక వినిపించింది. మిద్దె మీద నిలబడి మాలకొండమ్మ రెండు చేతులూ ఊపుతోంది. ఆమె కూతురు ప్రేమలీల తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. నెల నిండటానికి ఇంకా రెండు వారాలుందని అనుకుంటున్నారు. ఉమ్మనీరు పోయింది, బిడ్డ వచ్చేస్తోంది అని ఆమె అరుస్తోంది.

రెబెక్కమ్మ సంచీ పట్టుకుని కంచె దగ్గరికి పరిగెత్తింది. ఎదురుగా కంప అడ్డంగా ఉంది. చుట్టూ పోతే ఇరవై నిమిషాలు. అటు కయ్యలో నాట్లు వేయిస్తున్న రాఘవమ్మకు కూడా ఆ కేక వినిపించింది. నాలుగేళ్ళుగా పలకని తోడికోడలి గొంతు. ఆమె చేతిలో నారుకట్ట పడేసి వచ్చి, కర్ర కోసం కూడా చూడకుండా ఉత్త చేతులతో కంప లాగి పక్కకు విసిరేసింది. "రా" అని ఒక్క మాట అని ముందు నడిచింది. గట్టు మీద ఇద్దరూ దాదాపు పరిగెత్తారు.

అవతలి కొసన సందుకూ కంపే ఉంది, దాన్ని పీకే వ్యవధి లేదు. పక్కనే రంగనాయకులు ఇంటి గోడ ఉంది. గుమ్మం లేదు. రెబెక్కమ్మకు నలభై అయిదేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. గోడ మీద చేతులు పెట్టి ఎగరబోయి, కాలేక దిగింది. రాఘవమ్మ గోడకు వీపు ఆనించి, ముళ్ళు గీసుకుని నెత్తురు కారుతున్న రెండు చేతుల వేళ్ళనూ పెనవేసి కిందికి చాపింది.

"ఈడ కాలు పెట్టు" అంది.

రెబెక్కమ్మ వెనకాడింది.

"పెట్టమ్మా, ఆలోచించేదానికి టైమా ఇది?"

రెబెక్కమ్మ బురద కాలు ఆ చేతుల్లో పెట్టి గోడ ఎక్కింది. అప్పటికే గోడ అవతలికి వచ్చిన రంగనాయకులు అది చూశాడు. సంచీ అందుకుని, ఆమెను పట్టి దించాడు. మాలకొండమ్మ మిద్దె దిగి వచ్చి, ఏడుస్తూ, గోడ మీదుగా చూసి, "రాఘవా, నువ్వు కూడా రా. నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లే" అంది. రంగనాయకులు కుర్చీ తెచ్చి గోడ మీదుగా రాఘవమ్మ వైపు దించాడు.

బిడ్డ తల బయటికి వచ్చేసరికి మెడకు పేగు రెండు చుట్లు చుట్టుకుని ఉంది. రెబెక్కమ్మ వేలు దూర్చి ఒక చుట్టు వదులు చేసి తల మీదుగా తీసింది. రెండోది బిగిసిపోయింది. అక్కడే రెండుచోట్ల కట్టి, మధ్యలో కత్తిరించింది. బిడ్డ నల్లగా కమిలి, చప్పుడు లేకుండా చేతుల్లో పడింది. రాఘవమ్మ ప్రేమలీల తలను ఒళ్ళో పెట్టుకుని, ఆమె కళ్ళు అటు పోకుండా చేయి అడ్డం పెట్టింది. రెబెక్కమ్మ బిడ్డ నోరు తుడిచి, తలకిందులు చేసి, వీపు నిమిరి, నోట్లో నోరు పెట్టి ఊదింది. మళ్ళీ ఊదింది. గది బయట రంగనాయకులు అడుగుల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. మూడోసారి ఊదాక బిడ్డ చిన్నగా దగ్గి, కయ్యిమంది. ఆడపిల్ల.

పనులన్నీ అయ్యాక రెబెక్కమ్మ అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతుంటే రాఘవమ్మ వచ్చి పక్కన కూర్చుంది. చుట్టూ తిరిగి వచ్చుంటే ఏమయ్యేదని అడిగింది. బిడ్డ దక్కేది కాదని రెబెక్కమ్మ ఉన్నమాట చెప్పింది. రాఘవమ్మ తన అరచేతులు చూసుకుంది. లోపలినుంచి మాలకొండమ్మ వచ్చి ఆ చేతులకు కొబ్బరినూనె రాసింది. రంగనాయకులు దగ్గరికి రాలేదు గానీ గుమ్మంలో నిలబడి, "రాఘవమ్మా, అన్నం తిని పో" అన్నాడు. నాట్లు వేసేవాళ్ళు ఎదురుచూస్తుంటారని ఆమె అంది. అయినా తినే వెళ్ళింది.

నాలుగు రోజుల తరవాత రాఘవమ్మ మళ్ళీ సంతపేట వచ్చి, రెబెక్కమ్మను మునిసిపల్ ఆఫీసుకు తోడు రమ్మని అడిగింది. సర్వేయరు ముందు నిలబడి, నోటీసు బల్ల మీద పెట్టింది.

"దారి ఇయ్యనని నేను చెప్పడం లా సారూ. నాలుగు ఇయ్యను. ఒకటిస్తా. యాడ ఇయ్యాలో నేను చెప్తా" అంది.

సర్వేయరు మ్యాపు పరిచాడు. ఆయనకు వేరే చిక్కుంది. మిల్లు కాలనీ ఐదో వీధికీ అయ్యవార్ల కాలనీ ఐదో వీధికీ మధ్య నలభై అడుగుల తేడా ఉంది. మిగతా వీధులూ అంతే, ఒకటీ ఒకదానికి ఎదురు రాదు. కాలనీలు వేసినప్పుడు ఇటువాళ్ళు అటువాళ్ళను ఒక మాట అడిగిన పాపాన పోలేదు. రోడ్డంటే తిన్నగా ఉండాలని, తిన్నగా వేస్తే అవతల ఎవరిదో ఇల్లు తగులుతుందని ఆయన తల పట్టుకున్నాడు.

అప్పటిదాకా తలుపు పక్కన నిలబడి ఉన్న హజరత్తయ్య గొంతు సవరించుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా గొలుసు లాగిన మనిషి. ఎవరైనా అడిగితే తప్ప మాట్లాడే అలవాటు లేదు.

"ఒకసారి ఆ గెనెం చూసి రండి సారూ. అది వాలుగా పోతా ఉండాది. ఈ ఐదో వీధి కాడ మొదలయి ఆ ఐదో వీధి కాడే తేలతాది. పిలకాయలు ఊరికే నడవలా. దగ్గిరని నడిచినారు" అన్నాడు.

మరునాడు అందరూ పొలం దగ్గరికి వచ్చారు. హజరత్తయ్య చెప్పినట్టే ఉంది. గట్టు మీద గడ్డి అరిగిపోయిన చోట మేకులు కొడుతూ పోతే, రోడ్డు వాలుగా, మధ్యలో పంపు షెడ్డును తప్పించుకుంటూ కొంచెం వంగి, అవతలి కొసకు చేరింది. నీళ్ళు ఇటూ అటూ పారడానికి రోడ్డు కింద రెండు తూములు పెట్టాలని రాఘవమ్మ కోరింది. సర్వేయరు ఒప్పుకుని రాసుకున్నాడు. చివరి మేకు రంగనాయకులు గోడకు ఆనుకుంది. ఇల్లు తగలదు గానీ పెరట్లో రెండు స్థలాలు పోతాయి. సర్వేయరు ఆయనకు ఎలా చెప్పాలా అని నసుగుతుంటే రంగనాయకులు గోడ మీదుగా ఆ మేకునూ, రాఘవమ్మనూ చూశాడు.

"ఆమె పొలమే ఇస్తా ఉంటే గోడ గురించి నేనేం మాట్లాడేది? పడగొట్టుకోండి" అన్నాడు.

1962 వేసవిలో రోడ్డు పడింది. మొదట గ్రావెలు, రెండేళ్ళకు తారు. మునిసిపాలిటీ ఏదో పేరు పెట్టింది గానీ జనం వంకర రోడ్డు అనే పిలిచారు. జట్కాలు ట్రంకు రోడ్డు ఎక్కకుండా ఒక కాలనీ నుంచి ఇంకో కాలనీకి పోయేవి. పంతుళ్ళు మిల్లు దగ్గర బియ్యం కొనుక్కున్నారు. మిల్లు గుమాస్తాల పిల్లలు బురద తొక్కకుండా బడికి పోయారు. రెండు కాలనీల మధ్య ఆ ఏడాదిలోనే రెండు పెళ్ళి సంబంధాలు కుదిరాయి. వీధి కొసన ఉండే రంగనాయకులు ఇల్లు మూల ఇల్లయింది. దుమ్ము పడుతోందని మొదటి నెల ఆయన విసుక్కున్నాడు. తరవాత పొద్దస్తమానం అరుగు మీదే కూర్చుని, పోయేవాళ్ళను పిలిచి మాట్లాడించడం మొదలుపెట్టాడు. మనవరాలు సెలవులకు వస్తే చేయిపట్టుకుని రోడ్డు దాటించి, రాఘవమ్మ పంపు దగ్గర నీళ్ళాడించి తెచ్చేవాడు. రాఘవమ్మ రోడ్డుకు అటూ ఇటూ ఎప్పటిలాగే వరి పండించింది. రోడ్డు మీద నిలబడి నాట్లు చూడటం పిల్లలకు వేడుకగా ఉండేది.

ఊరు అక్కడ ఆగలేదు. కాలవ దాకా ఇళ్ళు నిండి, కాలవ అవతల కూడా రాళ్ళు పాతారు. ఇళ్ళ మురుగు కయ్యల్లోకి దిగుతోంది. కూలీలు మిల్లుల్లో పనికి పోతున్నారు. రాఘవమ్మకు నడుము నొప్పి. 1966లో కోతలయ్యాక ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. వంకర రోడ్డుకు పడమర ఉన్నది తన ఓపిక ఉన్నంతకాలం సేద్యం చేసుకుంటుంది. కాలవ వైపు ఉన్నది ఇళ్ళ స్థలాలు చేస్తుంది. ఎవరి బలవంతం లేకుండా ఆమె ఆ మాట అన్నప్పుడు రెబెక్కమ్మ ఆశ్చర్యపడింది. పొలం పోతున్నందుకు బాధగా లేదా అని అడిగింది. బాధగానే ఉంది గానీ, నాకు నచ్చినట్టు చేసుకుంటున్నాను కదా అని రాఘవమ్మ జవాబు చెప్పింది.

అప్పటికి రిటైరైన హజరత్తయ్యను ఆమె పిలిపించింది. ఆయన తన పాత అలవాటు చొప్పున కొలిచి, ఎక్కువ స్థలాలు వచ్చేట్టు ఒక పటం గీసి చూపించాడు. ఆమె ఒప్పుకోలేదు. మిల్లు కాలనీ ఆరో వీధి, ఏడో వీధి తన స్థలంలోంచి అయ్యవార్ల కాలనీకి పోవాలంది. కాలవ మీద రేపు వంతెన పడితే అవతలివాళ్ళు రావడానికి కూడా ఒక వీధి విడిచిపెట్టాలంది. అట్లా అయితే ఆరు స్థలాలు తగ్గుతాయని ఆయన చెప్పాడు. తగ్గనీ అంది. ఆయన పటం చించేసి, ఎంతో ఇష్టంగా మళ్ళీ గీశాడు.

స్థలాలు అమ్మకానికి పెట్టకముందే ఒక సాయంత్రం రాఘవమ్మ సంతపేట వచ్చింది. పటం చాప మీద పరిచి, రెండు వీధులు కలిసే మూల స్థలం మీద వేలు పెట్టింది.

"ఇది నువ్వు తీసుకోవాల. అందరికీ దగ్గిర. అద్దె ఇంట్లో ఎన్నాళ్ళుంటావు?" అంది.

రెబెక్కమ్మ, బడిలో పంతులైన ఆమె భర్త ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సొంత ఇల్లు గురించి వాళ్ళు మాట్లాడుకున్నది తక్కువ. చుట్టుపక్కలవాళ్ళు ఏమంటారోనని రెబెక్కమ్మ మెల్లగా అంది. నిజానికి కొందరు గొణిగారు కూడా. నర్సమ్మ ఇంటికి రావడం వేరు, పక్కన ఇల్లు కట్టుకోవడం వేరు అన్నారు. రంగనాయకులు అరుగు మీదినుంచి ఆ మాట విని, మీలో ఎవరి బిడ్డను ఆమె చేత్తో పట్టలేదో వాళ్ళు మాట్లాడండి అన్నాడు. ఆ గొణుగుడు అంతటితో ఆగింది.

మరుసటి ఏడు ఇల్లు లేచింది. రెండు గదులు, పెంకుల కప్పు, రెండు వీధుల వైపూ రెండు అరుగులు. హజరత్తయ్య పునాదికి తానే దగ్గరుండి దారం పట్టాడు. ఇంట్లో చేరినరోజు చర్చి నుంచి వచ్చినవాళ్ళు ప్రార్థన చేసి వెళ్ళాక, మాలకొండమ్మ గిన్నెడు పాయసం తెచ్చింది. ప్రేమలీల కూతురు, ఆరేళ్ళది, ఒక అరుగు మీదినుంచి దూకి, ఇల్లు చుట్టి, రెండో అరుగు ఎక్కి ఆడుకుంటోంది. చీకటి పడకముందే ఎవరో కొత్త మనిషి సైకిలు దిగి, కాలవ వైపు పోయే వీధి ఏదని అడిగాడు.

రెబెక్కమ్మ చేయి చాపి చూపించింది. ఆయన వెళ్ళాక రాఘవమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకుని, తమలపాకుకు సున్నం రాస్తూ, "ఈడ కూర్చుంటే బలే పొద్దుపోతాదే" అంది.

"రోజూ రాక్కా" అంది రెబెక్కమ్మ, వక్క అందిస్తూ.